పడవవాడి భార్య

రంగూన్, లమ్మడా
12 మే 1988

చిరంజీవి బాపిరాజుకు,

నీ టెలిగ్రాం అందింది. నువ్వు రాలేవని నాకు తెలుసు. వీసా దొరకదు, దొరికినా వారానికి మించి ఉండనివ్వరు. రాలేకపోయానని మళ్ళీ మళ్ళీ రాయకు.

మీ అక్క విజయ ఏప్రిల్ ఇరవై రెండున పోయింది. మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. చివరి వారం మాట తక్కువ, నిద్ర ఎక్కువ. నొప్పిగా ఉందా అని అడిగితే లేదనేది. ఉండే ఉంటుంది. పిల్లలు లేరు కనక కార్యక్రమమంతా నేనే చేశాను. పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు అని మనవాళ్ళందరూ వచ్చి నాతో చెప్పి వెళ్ళారు. నేను తల ఊపాను.

నెలనెలా మాసికం పెట్టి, ఒక ముత్తైదువకు భోజనం పెట్టి చీర ఇవ్వమన్నారు. పెడుతున్నాను.

నువ్వు నాలుగేళ్ళ కిందట ఓడ మీద తెచ్చి, ఆటబొమ్మ అని చెప్పి రేవు దాటించిన కంప్యూటరు ఇంట్లోనే ఉంది. గుడ్డ కప్పి ఉంచాను. దాని మీద విజయ రాసిన ఆటను నీకు టేపు మీద పంపి ఏడాది దాటింది. అక్కడి కంపెనీ అమ్మకానికి పెట్టిందని జనవరిలో రాశావు. పత్రికలవాళ్ళు ఏమన్నారో తెలియగానే రాస్తానన్నావు. పోస్టుమాన్ మెట్లెక్కిన చప్పుడు వినపడ్డప్పుడల్లా ఆమె అడిగేది. మంచం మీద నుంచి లేవలేనప్పుడూ అడిగేది.

ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఏమన్నారు?

నీ బావ,
మూర్తి


హల్, ఇంగ్లండ్
3 జూన్ 1988

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి షాపు మూసేశాను. టీవీలు బాగుచేయడానికి వచ్చినవాళ్ళు అద్దం తలుపు బయట నుంచి నన్ను చూసి వెళ్ళిపోయారు.

మీతో అబద్ధం ఆడలేను. పత్రిక ఫిబ్రవరిలోనే వచ్చింది. అక్క బాగాలేదని మీరు రాసిన వారమే. ఆ స్థితిలో ఆమెకు పంపలేక సొరుగులో పెట్టాను. కాస్త కోలుకున్నాక పంపుదామనుకున్నాను. ఏం రాశారో తెలుగులో మీకు ఎత్తి రాస్తున్నాను.

"పొగమంచు మింగేసిన నదీతీర పట్నం. మీరు ఆ పట్నానికి వచ్చిన కొత్త కోడలు. ఎర్రపొడి ఉన్న చిన్న డబ్బీ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఐదుగురు స్త్రీలను పిలవాలి. పడవెక్కి దయ్యాల లంక నుంచి నూనె తేవాలి. ఐదుగురూ గుడిలో ఐదు దీపాలు వెలిగిస్తే మంచు విడిపోతుంది. బొమ్మలు లేవు, అక్షరాలే. కాని ఆ అక్షరాలతోనే వెన్ను జలదరిస్తుంది. బాధ ఏమిటంటే, నలుగురు దీపాలు వెలిగిస్తారు. ఐదో ఆమె, పడవవాడి భార్య, గుడి గడప దగ్గర నిలబడిపోతుంది. లోపలికి రాదు. బంగారం ఇచ్చినా రాదు, కత్తి చూపినా రాదు. కారణం ఎక్కడా చెప్పరు. ఇది చిక్కుముడి కాదు, తప్పు. రచయిత్రి ఆట పూర్తి చేయడం మరిచిపోయింది. పదికి మూడు మార్కులు."

కంపెనీ అంటే ఇద్దరు మనుషులు, ఒక గరాజు. కొన్నవాళ్ళు టేపులు తిప్పి పంపుతున్నారట. ఆట ఎలా ముగుస్తుందో సెప్టెంబరు ఆఖరులోగా చెప్పకపోతే అమ్మకం ఆపేసి, ఉన్న టేపులు చెరిపి వేరే ఆటలకు వాడుకుంటామన్నారు. ఆట ఆడేవాళ్ళు దొంగచాటుగా చూడకుండా అక్క మాటలన్నీ అంకెలుగా మార్చి దాచిందట. వాళ్ళ ప్రోగ్రామరు తవ్వి చూశాడు, ఏ మాటకు ఆ గడప దాటుతుందో అతనికి దొరకలేదు.

మీతో ఎప్పుడైనా చెప్పిందా బావా? ఆమె చేతులతో చేసింది ఇదొక్కటే మిగిలింది.

బాపిరాజు


రంగూన్, లమ్మడా
28 జూన్ 1988

చిరంజీవి బాపిరాజుకు,

ఆమె ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడిగింది. పదికి మూడు అని విని ఉంటే ఆ రోజే లేచి కూర్చుని తప్పెక్కడో వెతికేది. నువ్వు ఆమెను సరిగ్గా ఎరగవు. ఈ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

నాతో చెప్పలేదు. నేను అడగలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పేపరు చదువుకునేవాణ్ణి, ఆమె టీవీ ముందు కూర్చుని కీలు నొక్కుకునేది. అంతే.

కింది వాటాలో లింగరాజు ఉన్నాడు, రేవులో క్రేను నడుపుతాడు. అతను వచ్చి తీగలు కలిపి పెట్టాడు. అతని భార్య సుధామణి విజయ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. టేపు ఎలా ఎక్కించాలో ఆ పిల్లకే తెలుసు. టేపు కీచుమని చాలాసేపు అరిచింది. తరవాత నిశ్శబ్దం. తరవాత నల్లటి తెర మీద ఇంగ్లీషులో, "నువ్వు కొత్త కోడలివి. ఈ పట్నంలో నిన్ను ఎవరూ ఎరగరు" అని విజయ వాక్యం వచ్చింది.

ఈ నెలలో ఊళ్ళో గొడవలు. విద్యార్థుల మీద కాల్పులు, ఆ పైన కర్ఫ్యూ. చీకటి పడ్డాక చేసే పని లేదు. అందుకని ముగ్గురం ఆడుతున్నాం. నిన్న గడప దగ్గరికి చేరాం.

లంక నుంచి నూనె తెచ్చేటప్పుడు పడవవాడు అక్కడే ఉండిపోతాడు. దయ్యాలు అతన్ని పట్టుకుంటాయి. పడవ ఖాళీగా వెనక్కి వస్తుంది. తరవాత గుడి. నలుగురు దీపాలు వెలిగించారు. ఆ పైన ఈ వాక్యం: "పడవవాడి భార్య గడప దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు."

"రాదేటి?" అన్నాడు లింగరాజు. "ఎలాగొస్తాది, దాని మొగుడు పోయినాడు కదా" అంది సుధామణి, అన్నం ఉడికిందా అన్నంత మామూలుగా.

విజయ పోయిన తరవాత నాకు మొదటిసారి నవ్వొచ్చింది. అంత పెద్ద పత్రిక వాళ్ళకు తెలియనిది మూడు ఇళ్ళ అవతల ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. ఆమె విధవ అయింది. శుభకార్యానికి గడప దాటకూడదు. ముత్తైదువల లెక్కలో ఆమె లేదు. నీకూ తోచలేదా? హల్‌లో ఉండి మరిచిపోయావా?

ఇక మిగిలింది సులువు. మన ఇళ్ళలో ఒక ముత్తైదువ తక్కువైతే ఏం చేస్తాం? ఇంకొకరిని పిలుస్తాం. విజయ ఆరో ఆమెను ఎక్కడో దాచి ఉంటుంది. వెతికి రాస్తాను. టేపులు చెరపవద్దని వాళ్ళకు చెప్పు.

మూర్తి


హల్
15 జులై 1988

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నిజమే, మరిచిపోయాను. ఇక్కడ పధ్నాలుగేళ్ళు. గడపలే లేవు.

ఇంకో పత్రికలో వచ్చింది. ఇది పెద్దది, లక్షమంది చదువుతారు. రెండు పేజీలు రాశారు. చివరి పేరా పంపుతున్నాను.

"ఆమె ఎందుకు రాదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. రాక్షసుల్ని నరికి కిరీటం పెట్టుకునే ఆటలు ఆడి ఆడి మనం చెడిపోయాం. గెలవనివ్వని ఆట ఇది. గడప దగ్గర ఆ స్త్రీని అలా నిలబెట్టి చేతులు దులుపుకోవడానికి ధైర్యం కావాలి. ముగింపు లేకపోవడమే దీని ముగింపు. పదికి తొమ్మిది."

దీని తరవాత కొత్తగా కొంతమంది కొన్నారు. కంపెనీ వాళ్ళు సంతోషించారు కాని మాట మార్చలేదు. పొగిడినవాడు ఒక్కడు, టేపు తిప్పి పంపేవాళ్ళు చాలామంది. ముగింపు చూపించాల్సిందే అంటున్నారు.

నాకు తొమ్మిది చాలు బావా. ఇదే నిలబెట్టమని వాళ్ళని బతిమాలమంటారా? అక్క కావాలనే అలా వదిలేసిందని చెప్తాను. నమ్ముతారు.

బాపిరాజు


రంగూన్, లమ్మడా
1 ఆగస్టు 1988

చిరంజీవి బాపిరాజుకు,

చెప్పవద్దు. మీ అక్క లెక్కలు చెప్పిన మనిషి. జవాబు లేని లెక్క పిల్లలకు ఇచ్చేది కాదు. ఆ తొమ్మిది ఆమెది కాదు, ఆ మూడూ ఆమెది కాదు.

నెలంతా ఆటలో ఆరో ముత్తైదువ కోసం తిరిగాను. పట్నంలో ప్రతి తలుపూ తట్టాను. బావి దగ్గర ఒక ముసలావిడ ఉంది. మీకు భర్త ఉన్నాడా అని అడిగాను. ఆ మాట నాకు అర్థం కాలేదు అంది యంత్రం. చేపలమ్మే ఆమె ఉంది. ఆమెకు కుంకుమ ఇవ్వబోతే నాకు వద్దు అని బుట్ట ఎత్తుకుని పోయింది. సుధామణి వెనక కూర్చుని, "అన్నయ్యా, మీరు ఆట ఆడతన్నట్టు లేదు, ఎవరికో సంబంధం చూస్తన్నట్టుంది" అంది.

లింగరాజుది ఇంకో దారి. "పడవోడిని తీసుకెళ్ళకండి. ఈదుకుని పోండి" అన్నాడు. ఈదాను. మునిగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. "పోనీ ఆవిడికి చెప్పకండి. మొగుడు పోయినాడని తెలీకపోతే లోనకి వచ్చీస్తాది కదా."

"తెలీకుండా ఎలాగుంటాది?" అంది సుధామణి. "పడవ కాళీగా వచ్చింది. దానికి కళ్ళు లేవేటి?"

"ఏటో, నేను ఓ దినం ఆలీసంగా వస్తే నీకు అలాగే అనిపిస్తాదేటి?"

"నీకేటి, నీకు తాటి చెట్టంత ఆయుస్సు. ఆ క్రేను మీద నుంచి దిగితే కదా."

వాళ్ళు అలా మాట్లాడుకుంటూ ఉంటే నేను కీలు నొక్కుతూ ఉంటాను. ఇంట్లో మనుషుల గొంతులుంటే మేలు.

ఊరు బాగాలేదు. ఎనిమిదో తేదీన అంతా పనులు మానేసి వీధుల్లోకి వస్తారని చెప్పుకుంటున్నారు. మా ఆఫీసులో కూడా గుసగుసలు. తెలుగులో రాసిన ఉత్తరాలు చదవడానికి మనిషి దొరికేదాకా తపాలాలో ఆపుతారని విన్నాను. ఇది ఎప్పటికి చేరుతుందో.

ఈ నెల మాసికానికి సుధామణిని భోజనానికి పిలిచాను. విజయ ఆకుపచ్చ చీర ఆ పిల్లకు పెడతాను. ఎప్పటినుంచో ఆ చీర బాగుందనేది.

ఆరో ఆమె ఎక్కడో ఉంది.

మూర్తి


రంగూన్, లమ్మడా
26 ఆగస్టు 1988

చిరంజీవి బాపిరాజుకు,

లింగరాజు లేడు.

తొమ్మిదో తేదీన తాకేటాలో ఉన్న తల్లిని చూసి రావడానికి వెళ్ళాడు. ముందురోజు కాల్పులు జరిగాయి, వెళ్ళవద్దని చెప్పాను. ముసలిది ఒక్కతే ఉందన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు వంతెనకు ఇవతల జనం మీద సైనికులు కాల్చారు. అతనితో వస్తున్న చిన్నబాబు, రేవులోనే పనిచేస్తాడు, లింగరాజు పడిపోవడం చూశాడు. లేవదీయబోతే అప్పటికే ట్రక్కులో ఎక్కిస్తున్నారట. ఏ ట్రక్కో, ఎక్కడికి పోయిందో తెలియదు. చిన్నబాబు, నేను రెండు రోజులు ఆస్పత్రులు, శ్మశానాలు తిరిగాం. దొరకలేదు.

శవం లేదు. అయినా మన పెద్దలు కూర్చుని మాట్లాడి, పోయిన దినం నుంచే లెక్క కట్టారు. పదోనాడు సుధామణి గాజులు పగలగొట్టారు. మట్టెలు తీశారు. బొట్టు చెరిపారు. "ఆయన్ని నేను చూడలేదు. ఎవరైనా చూపించండి, అప్పుడు తీయండి" అని ఆ పిల్ల అడుగుతూనే ఉంది. పని పూర్తి చేశారు.

మాసికానికి ఎవరూ రాలేదు. దారులకు అడ్డంగా కొట్టి వేసిన చెట్లు, రాళ్ళు. ఆకు వేసి వడ్డించి, కాకులకు పెట్టాను. చీర పెట్టెలో పెట్టాను.

ఆట తెరవలేదు. పడవ ఖాళీగా వచ్చే చోటు నేను దాటలేను. ఆ కంపెనీ వాళ్ళకు నువ్వు ఏం చెప్పాలో తెలియడం లేదు. కొంచెం ఆగమను.

పోస్టాఫీసులో పని చేసేవాళ్ళు సమ్మెలో ఉన్నారు. మద్రాసు ఓడలో పనిచేసే జోగి అనే మనవాడు రేవులో చిక్కుకుపోయి ఉన్నాడు. ఓడ కదిలినప్పుడు తీసుకెళ్తానన్నాడు. అతనికి ఇస్తాను.

మూర్తి


హల్
8 సెప్టెంబరు 1988

బావగారికి,

జూన్‌లో రాసిన ఉత్తరం తరవాత మీ నుంచి ఏమీ లేదు. రెండు టెలిగ్రాంలు ఇచ్చాను. ఫోను కలవదు. రేడియోలో రోజూ రంగూన్ పేరు చెబుతున్నారు. చౌక్తడాలో జనం కిక్కిరిసి ఉన్న బొమ్మ పేపర్లో వచ్చింది. మీ ఆఫీసు ముందే అనుకుంటాను. అందులో మీరున్నారేమోనని భూతద్దం పెట్టి వెతికాను.

కంపెనీ వాళ్ళు ఇవాళ మళ్ళీ ఫోను చేశారు. ఆఖరి తేదీ మారదట. అయితే వాళ్ళ ప్రోగ్రామరు ఒక దారి చెప్పాడు. అక్క దాచిన మాట అతను కనుక్కోలేడు కాని, పడవవాడు లంకలో ఉండిపోవాలా వద్దా అనేది ఒక్క అంకె మీద ఆధారపడి ఉందట. ఆ అంకె మారిస్తే పడవవాడు మీతో పాటు తిరిగి వచ్చేస్తాడు. భార్య లోపలికి వస్తుంది. దీపం వెలుగుతుంది. ఆట ముగుస్తుంది. ఒక పూట పని.

అలా చేయనివ్వనా? లేక చెరిపేయనివ్వనా? ఈ రెండే ఉన్నాయి. మీరు జవాబు కనుక్కుంటే మూడోది.

బావా, ఒక్క మాట. బతికి ఉన్నారా? అదొక్కటి రాసినా చాలు. మీ మాట రాకపోతే నెలాఖరున నేనే ఏదో ఒకటి చెప్పాలి. నా చేత చెప్పించకండి.

బాపిరాజు


రంగూన్, లమ్మడా
17 సెప్టెంబరు 1988

చిరంజీవి బాపిరాజుకు,

జవాబు దొరికింది. సరిగ్గా రాస్తాను, నువ్వూ సరిగ్గా చదువు. దీన్ని కంపెనీ వాళ్ళకు మాట మాటా చెప్పాలి.

నిన్న విజయ మాసికం. ఈసారీ ముత్తైదువ దొరకలేదు. తాకేటా నుంచి రావలసిన ఆమె భయపడి రాలేదు, తప్పు పట్టను. ఒక్కణ్ణే వండాను. పటం ముందు ఆకు వేశాను. తలుపు తీసే ఉంది. చూస్తే సుధామణి నిలబడి ఉంది. తెల్లచీర. చేతిలో చిన్న గిన్నె. గడప అవతలే ఆగింది.

"పరమాన్నం వండినాను అన్నయ్యా. వొదినకి ఇష్టం కదా. తీసుకోండి."

"లోపలికి రా" అన్నాను.

"రాకూడదు కదా."

"రా."

"ఎవరైనా చూస్తే మిమ్మల్ని అంటారు."

"అననీ."

రాలేదు. రమ్మని ఎన్నిసార్లు అన్నా ఆ పిల్ల కాలు కదలదని అర్థమైంది. నెల రోజుల కిందట అందరూ కలిసి కదలకుండా చేశారు. గడప అవతల నుంచే పటం వంక చూసింది. తరవాత, "వొదిన పటానికి బొట్టు లేదేటి?" అంది.

నిజమే. ఉదయం పటం తుడిచాను, బొట్టు పెట్టడం నాకు గుర్తు రాలేదు. విజయ కుంకుమ భరిణె అలమరలో ఉంది. తీశాను. నేను పెట్టవచ్చు. పెట్టకుండా, గడప దాకా వెళ్ళి భరిణె ఆ పిల్ల చేతిలో పెట్టాను. "నువ్వు పెట్టు" అన్నాను.

భరిణె వంక చూసింది, నా వంక చూసింది. "నా చేత్తోనా?" అంది. అవునన్నాను. గడప దాటింది. పటానికి బొట్టు పెట్టింది. తరవాత ఆకు ముందు కూర్చుని ఏడుస్తూ అన్నం తింది. ఆకుపచ్చ చీర ఇచ్చాను. తీసుకుంది. కట్టుకుంటుందో లేదో నేను అడగను.

ఆమె వెళ్ళాక టీవీ పెట్టాను. గుడి దగ్గరికి వెళ్ళడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పడవ ఖాళీగా వచ్చింది. నలుగురు దీపాలు వెలిగించారు. ఆమె గడప దగ్గర నిలబడింది.

బాపిరాజూ, ఇన్నాళ్ళూ నేను ఆమె వంక చూడలేదు. ఆమె బదులు ఎవరు దొరుకుతారా అని ఊరంతా వెతికాను. ఇంగ్లండు వాళ్ళకు ఆమె ఎందుకు ఆగిందో తెలియదు, అందుకని తోచలేదు. నాకు తెలుసు, అందుకని తోచలేదు.

గుడిలోంచి బయటికి రావాలి. కుంకుమ డబ్బీ ఆమెకు ఇవ్వాలి. "ఆమె డబ్బీ పట్టుకుంది. నీ వంక చూస్తోంది" అని వస్తుంది. అక్కడితో ఆగితే తిరిగి ఇచ్చేస్తుంది. వెంటనే ఆమె ముందు తల వంచాలి. అంటే కొత్త కోడలు విధవ చేత బొట్టు పెట్టించుకోవాలి. నేను వంగమని టైపు చేశాను. అప్పుడు ఇలా వచ్చింది:

"ఆమె నీ నుదుట బొట్టు పెట్టింది. గడప దాటింది. ఐదో దీపం వెలిగింది. మంచు విడిపోయింది. రేవులో పడవ కనిపిస్తోంది. పడవ ఖాళీగానే ఉంది."

అంతే. ఆ పైన ఏమీ లేదు.

ఈ జవాబును టేపు పెట్టె మీద అచ్చు వేయించవలసిన అవసరం లేదు. పత్రికవాళ్ళకు చెబితే చాలు. ఆట పూర్తిగా ఉందని, తప్పు లేదని చెప్పు. దాన్ని ఎక్కడా ముట్టుకోవద్దని చెప్పు.

21వ తేదీ. ఈ ఉత్తరం జోగికి ఇచ్చేలోపే సైన్యం మళ్ళీ వచ్చింది. మూడు రోజులు తలుపులు తీయలేదు. వీధిలో నెత్తురు కడుగుతున్నారు. మేమిద్దరం బతికే ఉన్నాం. ఆగస్టులో రాసిన ఉత్తరం కూడా ఇంకా జోగి దగ్గరే ఉంది. రెండూ కలిపి పంపుతున్నాను.

మూర్తి


హల్
15 నవంబరు 1988

బావగారికి నమస్కారాలు.

మద్రాసు ముద్రతో మీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకే కవరులో వచ్చాయి. నా జులై ఉత్తరానికి మీరు జవాబు రాసి ఉంటే అది అందలేదు, తపాలాలో పోయినట్టుంది. లింగరాజు తీగలు కలిపి పెట్టాడని జూన్‌లో మీరు రాయగానే, నాలాగే తీగల పని తెలిసినవాడని తమ్ముడనిపించాడు. చూడని మనిషి కోసం రాత్రంతా మేలుకుని ఉన్నాను.

ఆలస్యమైపోయింది బావా. సెప్టెంబరు ముప్పైన నేను సరేనన్నాను. వాళ్ళు అంకె మార్చేశారు. పడవవాడు తిరిగి వస్తాడు. కొత్త టేపులు అక్టోబరులో వచ్చాయి. పాతవి చెరిపేశారు. మొదట మూడు ఇచ్చిన పత్రికే మళ్ళీ రాసింది: "తప్పు దిద్దారు. ఇప్పుడిది హాయిగా ఆడుకోదగ్గ ఆట. చివర భార్యాభర్తలిద్దరూ గుడిమెట్లు ఎక్కుతుంటే మనసు నిండుతుంది. పదికి ఎనిమిది." తొమ్మిది ఇచ్చినవాడు మాత్రం గడప దగ్గర స్త్రీని చంపేశారని రెండు లైన్లు రాసి వదిలేశాడు. క్రిస్మస్‌కు బాగా అమ్ముడవుతుందట.

మీ జవాబు తీసుకుని నిన్ననే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. చదివి వినిపించాను. ఇద్దరూ మర్యాదగానే విన్నారు. ఎవరికీ ఊహకందని ముగింపు అన్నారు. అమ్ముడవుతున్న దాన్ని మళ్ళీ మార్చలేమన్నారు.

నేను తెలియక చేశానని రాస్తే అది సగమే నిజం. మాట తెలియదు కాని, అక్క ఎవరి గురించి రాసిందో మీ జూన్ ఉత్తరం చదవగానే నాకు తెలిసింది. మీ పెళ్ళినాడు అమ్మ వంటింట్లో ఉండిపోయింది. మీకు గుర్తుండదు, మీరు పీటల మీద ఉన్నారు. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. పెళ్ళికూతురికి బొట్టు పెట్టడానికి అందరూ వెళ్ళారు. అక్క తల తిప్పి వంటింటి వైపు చూస్తూనే ఉంది. నాకు పన్నెండేళ్ళు, లడ్డూల పళ్ళెం పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. ఇదంతా తెలిసీ సరేనన్నాను. చెరిపేస్తే పేరు కూడా మిగలదు. ఇలాగైతే పెట్టె మీద విజయ అని ఉంటుంది, ఇంగ్లండంతా చదువుతుంది అనుకున్నాను.

వచ్చే ముద్రణలో లోపలి కాగితం మీద అక్క ఫోటో, నాలుగు మాటలు వేస్తామంటున్నారు. మంచి ఫోటో ఒకటి పంపండి. తిట్టాలనుంటే అందులోనే తిట్టండి.

బాపిరాజు


రంగూన్, లమ్మడా
22 డిసెంబరు 1988

చిరంజీవి బాపిరాజుకు,

నీ సెప్టెంబరు ఉత్తరం, నవంబరు ఉత్తరం ఈ వారం అందాయి. తిట్టను. నేను చచ్చానో బతికానో తెలియని స్థితిలో ఒక్కడివే ఉండి చేశావు. నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

పెళ్ళినాడు మీ అమ్మగారు ఎక్కడున్నారో నేను చూడలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో విజయ ఆ మాట ఎత్తలేదు. ఆటలో పెట్టింది. నేను పేపరు చదువుకుంటున్నాను.

మేము ఉద్యోగాలకు తిరిగి వెళ్తున్నాం. సమ్మెలో ఎక్కడున్నావు, ఏం చేశావు అని కాగితాలు నింపించారు. సుధామణి లమ్మడాలోనే ఒక బట్టల కొట్టులో లెక్కలు చూస్తోంది. బర్మా ముసలాయన కొట్టు. పంతులమ్మను వాళ్ళు సయామా అంటారు; సయామా విజయ దగ్గర చదివిన పిల్ల అని చెప్పగానే తీసుకున్నాడు. మనవాళ్ళ కొట్లలో ఎదురుపడితే కీడని పెట్టుకోలేదు.

నీ ఉత్తరాలు అందిన సాయంత్రమే పైకి వచ్చి, "పేపరోళ్ళు ఏటన్నారు అన్నయ్యా, వొదిన ఆట గురించి?" అని అడిగింది. దాచడం నాకు చేతకాదు. నీ ఉత్తరంలో ఉన్నది చదివాను. పడవవాడు తిరిగి వచ్చేటట్టు మార్చారని, భార్యాభర్తలిద్దరూ మెట్లెక్కుతారని, అందరికీ నచ్చిందని చెప్పాను.

"తిరిగొస్తాడేటి?" అంది.

"ఆటలో."

"ఎలాగొస్తాడు? ఎవలు తెస్తారు?"

ఒక అంకె మార్చారు అన్నాను.

"ఓహో" అంది. లేచి కిందికి వెళ్ళింది. తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. ఆ తరవాత నాలుగు రోజులు పైకి రాలేదు.

ఫోటో పంపను. కంపెనీ వాళ్ళకు ఈ సంగతి రాసి ఇవ్వు. భర్తగా నా సంతకం కింద పెడుతున్నాను, చాలకపోతే ఏ కాగితం కావాలో చెప్పు, నింపి పంపుతాను. వాళ్ళు అమ్ముతున్నది అమ్ముకోవచ్చు. మనసు నిండే ఆట కావలసినవాళ్ళు కొనుక్కోవచ్చు. పడవవాడు తిరిగి వచ్చే ఆట విజయ రాయలేదు. దాని మీద ఆమె పేరు తీసేయమను.

మూర్తి